రాజ్మా మెత్తబడితే చాలదు, మరగాలి

రాజ్మా వండడం గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. నానిన గింజలు కళపెళ మరిగే నీళ్ళలో అరగంట ఉండాలి. మసాలా ఏది వేయాలి, రసం చిక్కగా ఉండాలా పల్చగా ఉండాలా అన్నవి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల రావడానికి కారణం నా ఉద్యోగం. రాజ్మా గింజలో ఉండే ఒక ప్రోటీన్‌ను నేను వంటింటి కంటే ముందు ప్రయోగశాలలో, చిన్న గాజుసీసాలో చూశాను.

క్రోమోజోముల పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మనిషి కణంలోని 46 క్రోమోజోములు సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనిపించాలంటే ఆ కణం విభజన దశలో ఉండాలి. రక్తంలో తిరిగే లింఫోసైట్లు అనే తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు. వాటిని ఆ పనికి పురికొల్పడానికి పోషక ద్రవంలో రక్తంతో పాటు కొద్దిగా ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కలుపుతాం. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 72 గంటలు ఉంచేసరికి కణాలు విభజన మొదలుపెట్టి ఉంటాయి. ఆ ఫైటోహీమాగ్లుటినిన్‌ను తీసేది రాజ్మా గింజల నుంచే.

మొదట్లో దీన్ని వేరే పనికి వాడేవారు. ఎర్రకణాలను ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టేలా చేసే గుణం దీనికి ఉంది. అలా ముద్దకట్టిన ఎర్రకణాలు అడుక్కి దిగిపోతే, పైన మిగిలే తెల్లకణాలను వేరుచేసుకోవడం తేలిక. అమెరికా శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1960లో దీని రెండో గుణాన్ని పట్టుకున్నారు. ఈ పదార్థం తగిలిన లింఫోసైట్లు మళ్ళీ విభజన చెందుతున్నాయని ఆయన చూపించారు. ఆ కణాల జీవితంలో విభజన దశ ముగిసిపోయిందనే అప్పటివరకు నమ్మేవారు. కాస్త రక్తం తీసుకుని క్రోమోజోముల పరీక్ష చేయడం ఇంత సులువైందంటే అందులో ఈ గింజకు పెద్ద వాటా ఉంది. మా దగ్గరకు వచ్చే ప్రతి నమూనా వెనకా జవాబు కోసం ఎదురుచూసే కుటుంబం ఒకటి ఉంటుంది. అందుకే రాజ్మా అంటే నాకు గౌరవం.

గౌరవంతో పాటు జాగ్రత్త కూడా. మనిషి కణాల ప్రవర్తననే మార్చగల పదార్థం చెక్కుచెదరకుండా కడుపులోకి వెళితే ఊరుకోదు. ఇది లెక్టిన్ల జాతికి చెందిన ప్రోటీన్. కణాల పైపొర మీద ఉండే చక్కెర అణువులను పట్టుకోవడం లెక్టిన్ల స్వభావం. జీర్ణరసాలు దీన్ని సులువుగా విడగొట్టలేవు. పేగు లోపలి గోడ మీది కణాలకు అతుక్కుని వాటిని దెబ్బతీస్తుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వికారం, ఆగని వాంతులు, ఆ తర్వాత విరేచనాలు, కొందరికి కడుపునొప్పి మొదలవుతాయి. లక్షణాలు మొదలైన మూడు నాలుగు గంటల్లో చాలామంది వారంతట వారే తేరుకుంటారు. కానీ ఒంట్లో నీరు బాగా తగ్గిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవారూ ఉన్నారు. దీనికి పచ్చి గింజలు నాలుగైదు చాలు. పూట భోజనమంత తినాల్సిన అవసరం కూడా లేదు.

ఎర్ర రాజ్మా పచ్చి గింజల్లో ఈ లెక్టిన్ 20,000 నుంచి 70,000 యూనిట్ల దాకా ఉంటుంది. ఎర్రకణాలను ఎంత బలంగా ముద్దకట్టిస్తుందో కొలిచే యూనిట్లు ఇవి. పూర్తిగా ఉడికిన గింజల్లో 200 నుంచి 400 యూనిట్లకు పడిపోతుంది. తెల్ల రాజ్మాలో ఎర్రదానిలో ఉన్నదానిలో మూడో వంతు ఉంటుందని లెక్క. ఉడికాక జరిగే మార్పు ఎంత పెద్దదో ఈ అంకెలే చెబుతాయి. వేడికి గుడ్డు తెల్లసొన గడ్డకట్టి మళ్ళీ నీరుగా మారనట్టే, మరుగునీటి వేడికి ఈ ప్రోటీన్ ఆకారం చెడిపోయి మళ్ళీ పూర్వరూపానికి రాదు. ఆకారం పోయాక చక్కెర అణువులను పట్టుకునే శక్తీ పోతుంది. అప్పుడది మనం అరిగించుకోగల ఆహారమే.

అసలు ప్రమాదం పచ్చి గింజలతో కంటే అరకొర వేడితోనే ఎక్కువ. 80 డిగ్రీల దాకా మాత్రమే వేడెక్కిన గింజలు పచ్చివాటికంటే ఐదు రెట్ల వరకు ఎక్కువ విషపూరితం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది. పచ్చి రాజ్మాను ఎవరూ గుప్పెడు తినరు, గట్టిగా ఉంటుంది కాబట్టి నోరే ఒప్పుకోదు. మరగని వేడినీళ్ళలో గంటల తరబడి ఉన్న గింజ మెత్తగా, తినడానికి హాయిగా తయారవుతుంది. నోటికి అనుమానం రాదు. గింజ మెత్తబడడం వేరు, లెక్టిన్ నశించడం వేరు. మొదటిది కాలం మీద, నీటి మీద ఆధారపడుతుంది. రెండోది వేడి మీద ఆధారపడుతుంది.

మా అమ్మాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళి స్లో కుక్కర్ కొనుక్కుంది, తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు పాత్ర అది. ఒకరోజు ఫోనులో సంతోషంగా చెప్పింది. “అమ్మా, ఈసారి రాజ్మా కూడా ఇందులోనే వేసేస్తాను. పొద్దున నానిన గింజలు వేసి వెళితే రాత్రికి వెన్నలా అవుతాయట.”

“ముందు పొయ్యి మీద మరిగించి అప్పుడు వెయ్యి తల్లీ.”

“ఎనిమిది గంటలు ఉడుకుతుంది కదమ్మా, ఇంకా మరిగించడం ఎందుకు?”

ఎనిమిది గంటలు ఉడకడం లేదు, ఎనిమిది గంటలు వెచ్చగా ఉంటుంది అని చెప్పాను. స్లో కుక్కర్లలో వండిన రాజ్మా కూరల లోపలి వేడిని కొలిచినప్పుడు చాలాసార్లు 75 డిగ్రీలు కూడా దాటలేదు. నమ్మకం కుదరకపోతే వంటల థర్మామీటరు కొని గింజల మధ్యలో పెట్టి చూడమన్నాను. చూసింది. అంచుల దగ్గర చిన్న బుడగలు కనిపిస్తున్నా మధ్యలో మరుగు లేదు. అప్పటి నుంచి నానిన గింజలను పొయ్యి మీద అరగంట గట్టిగా మరిగించి, ఆ తర్వాతే స్లో కుక్కర్లో వేస్తోంది. రుచిలో ఏ తేడా లేదని తనే చెప్పింది. వేడి నిలిపే పాత్రల్లో, సౌర కుక్కర్లలో వండేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆ పద్ధతులు ఇంధనం ఆదా చేస్తాయి, నాకూ ఇష్టమే. మొదటి అరగంట మాత్రం పొయ్యి మీద జరగాలి.

నేను అనవసరంగా భయపెడుతున్నానని అనుకునేవారికి రెండు సంఘటనలు చెబుతాను. 1976లో బ్రిటన్‌లో సెలవులకు వెళ్ళిన బడిపిల్లలు నానబెట్టిన రాజ్మాను ఉడికించకుండా తిని జబ్బుపడ్డారు. ఆ తర్వాత అక్కడ ఇలాంటివి మరికొన్ని బయటపడడంతో 1980లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు, పరిశోధకులు దీని గురించి రాశారు. ఆ దేశంలో ఎండు రాజ్మా పొట్లాల మీద గట్టిగా మరిగించాలన్న సూచన ఇప్పటికీ కనిపిస్తుంది.

రెండోది 2006లో జపాన్‌లో జరిగింది. తెల్ల రాజ్మాను మూడు నిమిషాలపాటు పెనం మీద వేయించి, పొడి చేసి, అన్నం మీద చల్లుకుని తింటే బరువు తగ్గుతారని ఒక టీవీ కార్యక్రమంలో చూపించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమును అడ్డుకునే గుణం ఈ గింజకు ఉంది, ఆ మాట నిజమే. కానీ మూడు నిమిషాల పొడివేడి లెక్టిన్‌ను ఏమీ చేయలేదు. ఆ పొడి తిన్న దాదాపు 1,000 మంది వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. కొందరు ఆసుపత్రుల్లో చేరారు. ఎర్రదానికంటే తక్కువ లెక్టిన్ ఉన్న తెల్ల గింజతోనే ఇంత జరిగింది. బరువు తగ్గించే చిట్కాలంటూ రాజ్మా పొడులు తయారుచేసుకోమని చెప్పేవారిని చూసినప్పుడల్లా నాకు ఈ సంఘటన గుర్తొస్తుంది. పచ్చి రాజ్మాను మరలో ఆడించి ఆ పిండిని తేలిగ్గా వేయించి వాడడం మంచిది కాదు. పిండి కావాలంటే గింజలను ముందు పూర్తిగా ఉడికించి, ఆరబెట్టి, తర్వాత పొడి చేసుకోవాలి.

మొలకల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెసలను మొలకెత్తించి పచ్చిగా తినేవాళ్ళు అదే అలవాటుతో రాజ్మాను కూడా మొలకెత్తించి సలాడ్‌లో వేసుకోబోతారు. మొలక వచ్చినంత మాత్రాన ఈ లెక్టిన్ పోదు. మొలకెత్తిన రాజ్మానూ మరిగించాల్సిందే.

ఇక గింజల సంగతి. రాజ్మా శాస్త్రీయ నామం ఫేసియోలస్ వల్గారిస్. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు ఇది. ఈ ఒక్క జాతిలో ఉన్నంత వైవిధ్యం చూస్తే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ముదురెర్ర రాజ్మా, లేత ఎరుపు రాజ్మా, తెల్ల రాజ్మా, మచ్చల రాజ్మా, నల్ల బీన్స్, పింటో, చిన్న తెల్లని నేవీ బీన్స్, ఇటలీ వాళ్ళ కన్నెల్లినీ, బోర్లొట్టి, ఇవన్నీ ఒకే జాతి. అంతెందుకు, కూరగా వండుకునే పచ్చి బీన్స్ కాయలు కూడా అదే జాతివి. ఆ కాయలనే లేతగా కోయకుండా ముదరనిచ్చి ఎండబెడితే లోపల ఉండేవి ఈ గింజలే. అందుకే పచ్చి బీన్స్‌ను కూడా ఉడికించి తినడమే మంచిది.

అడవి బీన్స్ తీగను మనుషులు రెండుచోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, పంటగా మలుచుకున్నారు. ఒకటి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. రెండోది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. నల్ల బీన్స్, నేవీ బీన్స్ వంటి చిన్న గింజలు మొదటి వంశానివి. మూత్రపిండం ఆకారంలో పెద్దగా ఉండే రాజ్మా ఆండీస్ వంశానిది. 100 గింజలు తూచితే చిన్నరకాలు 25 గ్రాములు కూడా ఉండవు, ఆండీస్ రకాలు 40 గ్రాములు దాటుతాయి. గింజలో నిల్వ ఉండే ఫేసియోలిన్ అనే ప్రోటీన్ రూపాలను పోల్చి ఈ రెండు వంశాలను శాస్త్రవేత్తలు గుర్తుపట్టారు. ప్రోటీన్లతో పనిచేసే నాకు ఈ ఆధారం చాలా నచ్చుతుంది. వేల ఏళ్ళ వ్యవసాయ చరిత్ర గింజ లోపలే రాసి ఉంది.

వంటలో ఈ రకాలు వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ముదురెర్ర రాజ్మా తొక్క మందం, ఎంతసేపు ఉడికినా ఆకారం నిలుపుకుంటుంది. రసం రంగు కూడా చిక్కగా దిగుతుంది. లేత ఎరుపు రకం లోపల నున్నగా, తొందరగా మెదిగేలా ఉంటుంది. చిక్కని గ్రేవీ కావాలనుకుంటే నేను దీన్నే ఎంచుకుంటాను, కొన్ని గింజలు గరిటెతో నలిపితే చాలు, వేరే పిండి కలపనక్కరలేదు. తెల్లవాటి రుచి మరింత సున్నితం, సూప్‌లకు బాగుంటాయి. మచ్చల రకం పొట్లంలో చూడడానికే అందం. లేత గోధుమ రంగు మీద ముదురు గీతలు ఒక్కో గింజకు ఒక్కోలా ఉంటాయి. ఉడికాక ఆ గీతలు చాలావరకు మాసిపోతాయి. రంగులను ఇచ్చేవి తొక్కలోని ఆంథోసయనిన్ల వంటి పదార్థాలు. వాటిలో కొంత భాగం నీళ్ళలోకి దిగుతుంది.

ఎర్రగా, చిన్నగా ఉంటాయి కాబట్టి అజుకి బీన్స్‌ను చిన్న రాజ్మా అనుకుంటారు కొందరు. అవి విగ్నా ప్రజాతికి చెందినవి, పెసలకూ అలసందలకూ దగ్గరి బంధువులు. లైమా బీన్స్ ఫేసియోలస్‌లోనే మరో జాతి. వాటిలో జాగ్రత్త పడాల్సింది సయనైడును విడుదల చేసే పదార్థాల గురించి. వాటికీ బాగా ఉడికించడమే మార్గం.

రకం ఏదైనా, కొనేటప్పుడు నేను వెతికేది కొత్త పంట. మెరుపు తగ్గి, తొక్క మీద చీలికలు, ముడతలు ఉన్న గింజలను తీసుకోను. పాత గింజలు ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటాయి. వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట నెలల తరబడి నిల్వ ఉంటే గింజలోని ఫైటేట్ విడిపోయి, అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం బయటపడతాయి. కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్‌కు ఇవి అతుక్కుని దాన్ని గట్టిపరుస్తాయి. ఆ తర్వాత మరుగునీరు కూడా ఆ కణాలను విడదీయలేదు. ఇంట్లో గాలి చొరని డబ్బాలో, చల్లగా, పొడిగా ఉంచితే ఈ గట్టిదనం ఆలస్యమవుతుంది. పాత గింజల డబ్బాలో కొత్తవి పోసి కలపకండి. సగం గింజలు చిదికిపోయి సగం పలుకుగా మిగులుతాయి.

నానబెట్టడం చూడముచ్చటైన పని. మొదటి గంటలో గింజ ఉబ్బదు, తొక్క మాత్రం ముడతలు పడుతుంది. తొక్కలోంచి నీరు తొందరగా దిగదు, గింజ వంపులో కనిపించే కన్ను పక్కనున్న సన్నని రంధ్రం గుండా ముందు లోపలికి చేరుతుంది. తొక్క నాని సాగుతుంది, లోపలి బద్ద ఇంకా పెరగదు, అందుకే ఆ ముడతలు. తర్వాత బద్దలు నీరు పీల్చుకుని ఉబ్బి ముడతలను నింపేస్తాయి. ఎనిమిది గంటలు చాలు, గింజలు పాతవైతే పన్నెండు. నానిందో లేదో తెలుసుకోవడానికి గంటలు లెక్కపెట్టడం కంటే ఒక గింజను బద్దలుగా విడదీసి చూడండి. లోపలి ముఖం సమంగా, ఒకే రంగులో ఉంటే నానినట్టు. మధ్యలో గుంటపడి, పొడిగా కనిపిస్తే ఇంకా సమయం కావాలి. ఎండాకాలంలో గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే నీరు పులిసి నురగ కడుతుంది.

నానబెట్టే నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వేస్తాను. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది నమ్ముతారు. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియం స్థానంలోకి చేరి తొక్కను మెత్తబరుస్తుంది, తొక్కలు చిట్లకుండా సమంగా ఉడుకుతాయి. ఉడకకుండా అడ్డుపడేది పులుపు. టమాటా, చింతపండు, నిమ్మరసం, ఏదైనా సరే, గింజ పూర్తిగా ఉడికాకే వేయాలి. సోడా ఉప్పు వేస్తే త్వరగా మెత్తబడడం నిజమే, కానీ థయమిన్ అనే బి1 విటమిన్ నష్టపోతాం, కాస్త ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది. నీళ్ళు మరీ కఠినంగా ఉండే చోట చిటికెడు వేయడం వరకు సరే.

నానబెట్టిన నీళ్ళు పారబోయాలి. లెక్టిన్‌లో కొంత, గ్యాస్‌కు కారణమయ్యే చక్కెరల్లో కొంత ఆ నీళ్ళలోకి దిగుతాయి. గింజలను కడిగి, కొత్త నీళ్ళు రెండు అంగుళాలు పైకి ఉండేలా పోసి, పెద్ద మంట మీద మరుగు రానివ్వాలి. మరుగు వచ్చాకే సమయం లెక్క మొదలుపెట్టాలి. నీటి పైభాగం అంతా కదులుతూ ఉండాలి, అంచున నాలుగు బుడగలు వస్తే సరిపోదు. 100 డిగ్రీల వద్ద పది నిమిషాల్లో లెక్టిన్ నశిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అరగంట సిఫారసు చేస్తుంది, ఎందుకంటే గిన్నె మధ్యలో ఉన్న గింజ లోపలికి కూడా ఆ వేడి చేరాలి. నేను అరగంట పక్షమే. ఆ తర్వాత మంట తగ్గించి గంటో గంటన్నరో సన్నగా ఉడికించుకోవచ్చు.

ఎత్తైన ప్రాంతాల్లో ఉండేవారు మరికాస్త ఆలోచించాలి. సుమారు 300 మీటర్లు ఎక్కితే నీరు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరుగు కనిపిస్తుంది కానీ వేడి తక్కువ. అక్కడ ప్రెషర్ కుక్కర్‌ను తప్పనిసరి అనుకోవడమే క్షేమం.

నిజానికి ఎక్కడున్నా రాజ్మాకు ప్రెషర్ కుక్కరే సరైన పాత్ర అని నా అభిప్రాయం. లోపల వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళుతుంది కాబట్టి లెక్టిన్ గురించి సందేహమే ఉండదు. కానీ విజిళ్ళ లెక్కను నమ్మకండి. ఒక కుక్కర్ నిమిషానికొకసారి కూస్తుంది, మరొకటి ఐదు నిమిషాలకొకసారి. మంట పెంచినా తగ్గించినా లెక్క మారిపోతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, గడియారం చూసుకుని 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. పాత గింజలకు ఇంకో పది. ఆవిరి దానంతట అది దిగేవరకు మూత తీయవద్దు. తొందరపడి ఆవిరి వదిలేస్తే గింజలు పగిలిపోతాయి. కుక్కర్‌ను గింజలు, నీళ్ళు కలిపి సగం మించి నింపకూడదు. రాజ్మా నురగ ఎక్కువ, అది పైకి పొంగి వెయిట్ కింది రంధ్రాన్ని మూసేయవచ్చు. చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

ఇంత శ్రమ పడి తినడం దేనికంటే, తిన్నందుకు దక్కేది చాలా ఉంది. ఉడికిన ఎర్ర రాజ్మా 100 గ్రాముల్లో సుమారు 127 కేలరీలు, 8.7 గ్రాముల ప్రోటీన్, 7 గ్రాముల పీచు, అర గ్రాము కొవ్వు ఉంటాయి. ఫోలేట్ అనే బి విటమిన్ 130 మైక్రోగ్రాములు, అంటే పెద్దవారికి రోజుకు కావలసిన 400లో మూడో వంతు. పొటాషియం 400 మిల్లీగ్రాములు, ఇనుము రెండు నుంచి మూడు మిల్లీగ్రాములు. రాజ్మాలో 22 శాతం ప్రోటీన్ ఉందని ప్రచారంలో ఉన్న అంకె ఎండు గింజలకు సంబంధించింది. మన కంచంలోకి వచ్చేది నీరు పీల్చుకున్న గింజ. ఈ తేడా తెలియక ఒక గిన్నెడు రాజ్మా తిని ఆ రోజు ప్రోటీన్ అవసరం తీరిపోయిందనుకోవడం సరికాదు.

ఆ ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. బియ్యం, గోధుమల్లో దీనికి సరిగ్గా తలకిందులు. రెండూ ఒకే రోజు భోజనంలో ఉంటే లోటు పూడుతుంది, ఒకే ముద్దలో కలిపి తినాల్సిన పని లేదు. గ్లైసీమిక్ సూచీ తక్కువ, అంటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఇనుము బాగా ఒంటపట్టాలంటే పక్కన నిమ్మరసమో పచ్చి కూరగాయలో ఉండాలి, సి విటమిన్ అందుకు సాయపడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఆ లాభం తగ్గుతుంది.

కడుపు ఉబ్బరం గురించి అందరూ అడుగుతారు. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైము మన జీర్ణరసాల్లో లేదు. అవి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి, గ్యాస్ వస్తుంది. ఇది లెక్టిన్ చేసే హానికి సంబంధం లేని విషయం, ఆరోగ్యానికి నష్టం కూడా లేదు. ఎప్పుడో ఒకసారి గిన్నె నిండా తినేవారికే ఇబ్బంది ఎక్కువ. చిన్న మోతాదులో మొదలుపెట్టి తరచుగా తింటే కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది.

మూత్రపిండం ఆకారంలో ఉంది కాబట్టి మూత్రపిండాలకు మంచిదని నమ్మేవారు ఉన్నారు. గింజ ఆకారానికీ అవయవానికీ సంబంధం లేదు. మా పెద్దనాన్నకు మూత్రపిండాల వ్యాధి వచ్చినప్పుడు ఆయన రక్తంలో పొటాషియం పెరుగుతోందని రాజ్మా మోతాదును వైద్యులు బాగా తగ్గించారు. ఆయన కోసం వండినప్పుడు నానిన నీళ్ళతో పాటు ఉడికిన నీళ్ళు కూడా పారబోసేవాళ్ళం, అలా చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. అలాంటి జబ్బు ఉన్నవారు ఎంత తినాలో తమ వైద్యులనే అడగాలి. మిగతావాళ్ళు ఉడికిన నీళ్ళను పారబోయనక్కరలేదు, రుచి చాలావరకు అందులోనే ఉంటుంది.

సమయం లేనివారికి డబ్బాలో వచ్చే రాజ్మా మంచి దారి. మూత బిగించాక డబ్బాను అధిక వేడి మీద ఉడికిస్తారు కాబట్టి లెక్టిన్ భయం లేదు, వేడి చేయకుండా కూడా తినవచ్చు. ఉప్పు మాత్రం ఎక్కువ. జల్లెడలో పోసి నీళ్ళ కింద కడిగితే ఆ ఉప్పు కొంతవరకు పోతుంది.

నేనైతే సెలవురోజున ఎక్కువ గింజలు ఒకేసారి ఉడికించి పెట్టుకుంటాను. ఒక కప్పు ఎండు గింజలు రెండున్నర, మూడు కప్పులవుతాయి. వెడల్పాటి పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో కొన్ని నెలలు ఉంటాయి. గింజలు మునిగేలా కాస్త ఉడికిన నీళ్ళు కూడా పోస్తే తొక్కలు ఎండిపోవు. కొందరు నానబెట్టిన గింజలను కూడా ఉడికించకుండానే ఫ్రీజర్‌లో దాస్తారు. అలా చేయడంలో తప్పు లేదు, మళ్ళీ వండేటప్పుడు మరిగిస్తే సరిపోతుంది. కానీ గడ్డకట్టాక నానిన గింజా ఉడికిన గింజా చూపుకు ఒకేలా ఉంటాయి, ఇంట్లో ఇంకెవరైనా తీసి వేడి చేసుకుని తినేయవచ్చు. అందుకే మా ఫ్రీజర్‌లో ప్రతి సంచి మీదా చెరగని సిరాతో తేదీ, దాని పక్కన “ఉడికినవి” లేదా “నానినవి, మరిగించాలి” అని రాసి ఉంటుంది. ఏమీ రాయని సంచి కనిపిస్తే అందులోవి నానినవే అనుకుని అరగంట మరిగిస్తాం.